లండన్ బ్యాంక్ స్టేషన్‌కి ఆ వంకరలన్నీ ఎక్కడివి?

విభాగం: పట్టాల కబుర్లు › విదేశీ రైళ్లు › సొరంగ మార్గాలు

బెజవాడ_జంక్షన్ · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. లండన్ బ్యాంక్ స్టేషన్ తెలిసినవాళ్లు ఒక అనుమానం తీర్చాలి. నార్తర్న్, సెంట్రల్, వాటర్లూ అండ్ సిటీ, డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే), లోపల్నుంచే కలిసిన మాన్యుమెంట్ స్టేషన్ వైపు డిస్ట్రిక్ట్, సర్కిల్. మొత్తం ఆరు లైన్లు. ఒకటి దిగి ఇంకోటి ఎక్కాలంటే దిగు, ఎక్కు, మళ్లీ దిగు. సెంట్రల్ లైను ప్లాట్‌ఫారం మీదైతే ఈ చివర నిలబడ్డవాడికి ఆ చివర కనపడదు. మన అమీర్‌పేటలో రెండు లైన్లనీ చక్కగా ఒకే కప్పు కింద కలిపేశారు. భూమి కింద రైలు లోకానికి నేర్పిన ఊళ్లో ఈ తిప్పలేమిటి? ఈ ప్లాను గీసిన మహానుభావుడెవరు?

ఓరుగల్లు_పోరడు · రాత్రి 9:58

ఒక్కడు గీస్తే కదనే పట్టుకొని అడుగుడు! గాడ కంపెనీలు మస్తుగుండె. ఎవని పొక్క వాడు తవ్వుకున్నడు. తవ్వినంక ఎన్నో ఏండ్లకు ‘అరే, మనం పక్కపక్కనే ఉన్నం గద’ అని యాదికొచ్చింది.

విశ్రాంత_గార్డు · రాత్రి 10:31

పోరడు నవ్వుతూ అన్నా సంగతి అదే. కాస్త వరసలో పెడతాను.

అక్కడ ముందు వచ్చింది బ్యాంక్ కాదు, మాన్యుమెంట్. 1884 అక్టోబరు 6న తెరిచినప్పుడు దాని పేరు ఈస్ట్‌చీప్. నెల తిరక్కుండానే పేరు మార్చారు. 1666 అగ్నిప్రమాదానికి గుర్తుగా కట్టిన 202 అడుగుల స్తంభం పక్కనే ఉంది, ఆ పేరే పెట్టారు. నేలని పైనుంచి తవ్వి, పట్టాలు వేసి, మళ్లీ కప్పేసిన రకం అది. లోతు తక్కువ, నడిచేవి బొగ్గు ఇంజన్లు.

ఆ లైను రెండు కంపెనీల ఉమ్మడి ఆస్తి. మెట్రోపాలిటన్‌కి ఎడ్వర్డ్ వాట్కిన్, డిస్ట్రిక్ట్‌కి జేమ్స్ ఫోర్బ్స్. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఊరి నడిబొడ్డు చుట్టూ రైలు వలయం పూర్తి చేయడానికి ఈ ఒక్క ముక్కే మిగిలితే, సిటీ (లండన్ వ్యాపార నడిబొడ్డు) షావుకార్లూ పార్లమెంటూ వెంటపడితే గానీ కట్టలేదు. కట్టాక కూడా ఎవరి టిక్కెట్ల గది వారిదే. మెట్రోపాలిటన్ బళ్లు ఎక్కువగా గడియారం ముల్లు తిరిగే వైపు, డిస్ట్రిక్ట్ బళ్లు దానికి ఎదురు వైపు. ఏ కిటికీ దగ్గర టిక్కెట్ కొంటే ఆ కంపెనీ బండెక్కమనేవారు, అటునుంచి చుట్టుదారి అయినా సరే! నా సర్వీసులో రెండు డివిజన్ల మధ్య పేచీలు చాలా చూశాను గానీ, ప్రయాణికుణ్ణి కావాలని ఊరు చుట్టించిన పేచీ మాత్రం చూడలేదు.

సొరంగం_సూరి · రాత్రి 11:15

గార్డు గారికి దండాలు. లోతు సొరంగాల సంగతి నేను అందుకుంటాను, నా వృత్తి అదే.

1890లో సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే వచ్చింది. లోతైన సొరంగంలో కరెంటు ఇంజన్‌తో నడిచిన మొదటి నగర రైలు అదే. ఇప్పటి నార్తర్న్ లైనులో ఒక ముక్క. దాని ఉత్తరపు కొస బ్యాంక్ కాదు, కాస్త దక్షిణాన కింగ్ విలియం స్ట్రీట్ అనే స్టేషన్. నిజానికి ఆ రైలుని కేబుల్‌తో లాగుదామని గీశారు. కేబుల్ పని ఒప్పుకున్న కంపెనీ 1888లో దివాలా తీసింది, అప్పుడు కరెంటుకి మారారు. కేబుల్‌కి ఫరవాలేదనుకున్న ఎత్తూ మలుపూ అప్పటి చిన్న కరెంటు ఇంజన్ల ప్రాణం తీశాయి. థేమ్స్ అడుగు నుంచి పైకెక్కి, మలుపు తిరిగి, ఆ ఇరుకు స్టేషన్లోకి దూరాలి. పదేళ్లు నిండకుండానే, 1900 ఫిబ్రవరిలో, ఆ స్టేషన్ని వదిలేసి పక్కనుంచి కొత్త సొరంగాలు వేసి బ్యాంక్ మీదుగా మూర్‌గేట్‌కి తీసుకెళ్లారు.

ఆ రైలు పెట్టెలకి కిటికీలు కూడా సరిగా ఉండేవి కావు, పైన సన్నటి గాజు పట్టీ అంతే. సొరంగంలో చూడ్డానికేముందని వాళ్ల వాదన. జనం వాటికి పిచ్చాసుపత్రి గదులని పేరు పెట్టారు. ఏ స్టేషనొచ్చిందో లోపలివాళ్లకి తెలియదు కదా, బంట్రోతు అరిచి చెప్పేవాడు.

ఇక బ్యాంక్ దగ్గర స్థలం ఏది? లాంబార్డ్ స్ట్రీట్ మూల మీద సెయింట్ మేరీ వూల్నోత్ చర్చి ఉంది. నికొలస్ హాక్స్‌మూర్ కట్టింది, 1727 కల్లా పూర్తయింది. కంపెనీ దాన్ని కూల్చడానికి అనుమతి తెచ్చుకుంది. ఊరంతా గోల. చివరికి చర్చి జోలికి పోకుండా దాని కింద ఉన్న సమాధుల గదిని మాత్రం తీసుకున్నారు. గోడల్నీ లోపలి స్తంభాల్నీ ఉక్కు దూలాల మీద మోయించి, ఆ నేల కిందనుంచి లిఫ్టు బావులు దించారు. పైన హాక్స్‌మూర్ చర్చి అంగుళం కదల్లేదు. ఈరోజు ఎన్ని సెన్సర్లున్నా అలాంటి పనికి సంతకం పెట్టాలంటే నాకు చెయ్యి వణుకుతుంది.

గుంటూరు_ఘాటు · రాత్రి 11:22

ఒక్క నిమిషం. సమాధుల గదిలో టిక్కెట్లు అమ్మారా??

సొరంగం_సూరి · రాత్రి 11:29

అమ్మారు తమ్ముడూ. ముందే ఖాళీ చేయించి, అస్థికల్ని ఊరి బయట ఇల్ఫర్డ్ దగ్గర శ్మశానానికి తరలించారు. ఆ చర్చిలో పాతికేళ్లకు పైగా ఫాదరీగా పనిచేసిన జాన్ న్యూటన్‌ని మాత్రం 1893లో ఆయన పాత ఊరు ఓల్నీకి తీసుకెళ్లారు. మొదట బానిసల ఓడకి కెప్టెన్, తర్వాత ఫాదరీ, చివర్లో బానిసల వ్యాపారానికి ఎదురు సాక్ష్యం చెప్పినవాడు, ఆయనే.

బెజవాడ_జంక్షన్ · శనివారం ఉదయం 7:05

రాత్రి పడుకుని లేచేసరికి ఇంత జరిగిందా! అయితే సెంట్రల్ లైను వంకర మాటేమిటి? మా ఆఫీసులో ఒకాయన, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బంగారం దాచిన నేలమాళిగలకి తగలకుండా రైలుని పక్కకి తిప్పారు, అందుకే వంకర అన్నారు. నిజమేనా?

ఓరుగల్లు_పోరడు · ఉదయం 7:40

గీ ముచ్చట యూట్యూబుల నూరుసార్లు చూసిన. బంగారం అనంగనే అందరికి మంచిగ అనిపిస్తది.

సొరంగం_సూరి · ఉదయం 8:50

నా లెక్క ప్రకారం బంగారం కథ అతికించింది. రెండు కారణాలు చెప్తాను.

ఒకటి, డబ్బు. రోడ్డు కింద తవ్వితే ఎవరికీ పరిహారం కట్టక్కర్లేదు. ఎవరిదైనా కట్టడం కింద తవ్వితే ఆ హక్కు కొనుక్కోవాలి. లండన్ సిటీలో స్థలం ధర సంగతి తెలిసిందే. అందుకని సెంట్రల్ లండన్ రైల్వే (ఇప్పటి సెంట్రల్ లైను) వాళ్లు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, హోబోర్న్, చీప్‌సైడ్, పౌల్ట్రీ అని పైన రోడ్డు ఎటు తిరిగితే కింద సొరంగాన్ని అటే తిప్పారు. పౌల్ట్రీ నుంచి కూడలిలోకి వచ్చేసరికి రోడ్డే వంకర, మరి రైలు తిన్నగా ఎలా పోతుంది? రోడ్డు మరీ ఇరుకైన చోట్ల జంట సొరంగాలు పక్కపక్కన పట్టక ఒకదాని మీద ఒకటి వేశారు కూడా.

రెండోది తేదీల సంగతి. ఆ రైలు 1900లో తెరిచారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ని ఇప్పుడున్న ఆకారంలో, నేల కింద మూడు అంతస్తులతో తిరగకట్టింది 1925, 1939 మధ్య. ఇప్పుడు చెప్పుకుంటున్న ఆ లోతు మాళిగలు రైలు తర్వాత వచ్చినవి. ముందుకాలంలో అసలు మాళిగలు లేవని కాదు, కానీ వంకర అంతా వాటి మీదికి నెట్టడం కుదరదు.

విశ్రాంత_గార్డు · ఉదయం 9:34

సూరి గారూ, నేను పూర్తిగా ఒప్పుకోను. పరిహారం కట్టాల్సిన ఆస్తుల్లో అన్నిటికంటే పెద్ద ఆస్తి ఆ బ్యాంకే కదా! దాని కిందికి పోకుండా రోడ్డు పట్టుకుని పోయారంటే బ్యాంకుని తప్పించారనే అర్థం. బంగారం కోసమా, బిల్లు కోసమా అన్నదే తేడా.

సొరంగం_సూరి · ఉదయం 9:41

బిల్లు కోసమే అంటాను, అక్కడే నిలబడతాను 🙂

ఈస్ట్‌హామ్_అక్క · ఉదయం 11:10

మీ వాదన సాగనివ్వండి, నేను కళ్లారా చూసేది చెప్తా. మాది ఈస్ట్‌హామ్. మా దగ్గర దోశ హోటళ్లు, కూరగాయల కొట్లు చూస్తే నెల్లూరు ట్రంకు రోడ్డులా ఉంటుంది, తెలుగువాళ్లం బాగానే ఉన్నాం. డిస్ట్రిక్ట్ లైనులో తిన్నగా మాన్యుమెంట్‌లో దిగి, లోపల్లోపలే బ్యాంక్‌కి నడుచుకుంటూ పోయేవాళ్లు మాలో బోలెడుమంది.

రోజూ ఆ దారినే పోయేవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోని వస్తువు ఒకటుంది. వాటర్లూ అండ్ సిటీ ప్లాట్‌ఫారాల వైపు పోయే నడవాలో ఒకచోట గోడల్నీ కప్పునీ చుట్టుకుని ఎర్ర రంగు వేసిన పెద్ద ఇనప చట్రం ఉంటుంది. మనం దాని మధ్యలోంచే నడిచిపోతాం. అది అలంకారం కాదు. 1890ల్లో ఆ లైను తవ్విన గ్రేట్‌హెడ్ షీల్డు! పని అయిపోయాక బయటికి లాగే ఖర్చెందుకని మట్టిలోనే వదిలేశారు. 1987లో డీఎల్ఆర్ కోసం తవ్వుతుంటే మళ్లీ బయటపడింది. పక్కన చిన్న పలక కూడా పెట్టారు. జనం ఫోను చూసుకుంటూ దాని గుండా పోతారు.

ఇంకోటి. పైన కార్న్‌హిల్ రోడ్డు మధ్యలో, రాయల్ ఎక్స్‌ఛేంజి ముందు, టోపీ పెట్టుకుని కాగితం చూసుకుంటున్న ఒకాయన విగ్రహం ఉంటుంది. ఆ షీల్డు ఇంజనీరు, ఆయనే జేమ్స్ హెన్రీ గ్రేట్‌హెడ్. 1994లో పెట్టారు. దిమ్మ దగ్గరికెళ్లి చూడండి, జాలీలు కనపడతాయి. స్టేషన్ గాలి గొట్టం మీదే ఆయన్ని నిలబెట్టారు. ఇంజనీరుకి ఇంతకంటే తగిన పీట ఉందా?

గుంటూరు_ఘాటు · ఉదయం 11:25

అక్కా, సూపర్! షీల్డు అంటే మన మెట్రోలకి సొరంగాలు తవ్వే యంత్రం, టీబీఎం, అలాంటిదా?

సొరంగం_సూరి · మధ్యాహ్నం 12:02

దాని ముత్తాత. మోటారు తిప్పే చక్రం ఉండదు. ఇనప గుండ్రటి గొట్టంలో నిలబడి కూలీలు గునపాలతో ముందున్న బంకమట్టి తవ్వుతారు. తవ్వినంత మేర జాకీలతో గొట్టాన్ని ముందుకు నెట్టి, వెనకాల పోత ఇనప ముక్కలు రింగుగా బిగిస్తారు. రింగుకీ మట్టికీ మధ్య ఖాళీలోకి సున్నం పాలు కొట్టి నింపుతారు. లండన్ బంకమట్టి మెత్తగా తెగుతుంది, కూలదు, నీరు పెద్దగా ఊరదు. ఆ మట్టే లేకపోతే 1890ల్లో అన్ని కంపెనీలు అంత ధైర్యంగా దిగేవి కావు. పాపం గ్రేట్‌హెడ్ 1896లోనే పోయాడు, ఈ కూడలి కింద రైళ్లు నడవడం చూడలేదు.

విశ్రాంత_గార్డు · మధ్యాహ్నం 3:20

మిగిలిన వరస కూడా పూర్తి చేస్తాను.

వాటర్లూ అండ్ సిటీ 1898 ఆగస్టు 8న మొదలైంది. బ్యాంక్‌కి చేరిన మొదటి లోతు రైలు ఇదే, అప్పట్లో స్టేషన్ పేరు ‘సిటీ’. 1940 దాకా ఆ పేరే. జనం ఆ లైనుని ‘మురుక్కాలువ’ అంటారు. దాని పెట్టెలు ఎండ మొహం చూడవు. బాగుచేయాలంటే క్రేనుతో పైకి తీయాల్సిందే. పైగా అది మెయిన్‌లైను కంపెనీ సొంతం. తర్వాత సదరన్ రైల్వే, ఆ తర్వాత బ్రిటిష్ రైల్. 1994 ఏప్రిల్‌లో లండన్ అండర్‌గ్రౌండ్‌కి ఇచ్చారు, ధర ఒక్క పౌను. అంటే దాదాపు వందేళ్లు ఒకే స్టేషన్లో ఒక లైను పరాయి ఇంటి కోడలే.

సెంట్రల్ లండన్ రైల్వే 1900 జులై 30న. ఎంత దూరమైనా రెండు పెన్నీలు. బ్యాంక్ దాని తూర్పు కొస. సిటీ కార్పొరేషన్ అనుమతి ఇస్తూ ఒక మెలిక పెట్టింది. కూడలిలో నేల మీద ఒక్క గది కట్టకూడదు, పైగా రోడ్డు దాటే జనానికి కూడా పనికొచ్చేలా కింద సబ్‌వేలు వేయాలి. అందుకే టిక్కెట్ల హాలు రోడ్డు కడుపులో ఉంటుంది, మెట్లు ఒక్కో వీధి మూలనా తేలతాయి. జంక్షన్ గారూ, మీరు దారి తప్పే చోటు అదేననుకుంటా!

మొదట్లో ఆ లైను ఇంజన్లు ఎంత బరువంటే పైన మేడలు అదిరేవి. చీప్‌సైడ్‌లో నక్షాలు గీసేవాళ్లు గీత తిన్నగా రావడం లేదని ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం కమిటీ వేసింది. 1903 కల్లా ఇంజన్లు తీసేసి, పెట్టెల కిందే మోటార్లున్న బళ్లు తెచ్చారు. మన ఈఎంయూల పద్ధతే.

ఓరుగల్లు_పోరడు · సాయంత్రం 4:05

మల్ల ఇవన్ని ఒక్కటెప్పుడైనయ్?

విశ్రాంత_గార్డు · సాయంత్రం 4:48

మెల్లిగా, ముక్కముక్కగా. 1913లో సెంట్రల్ లండన్, సిటీ అండ్ సౌత్ లండన్ రెండూ అండర్‌గ్రౌండ్ గ్రూపు చేతికి వచ్చాయి. 1922 నుంచి 1924 దాకా పాత సన్న సొరంగాల్ని వెడల్పు చేశారు. ఆ రోజుల్లోనే లిఫ్టులు పోయి ఎస్కలేటర్లు వచ్చాయి. 1933 సెప్టెంబరు 18న మాన్యుమెంట్‌కీ బ్యాంక్‌కీ మధ్య ఎస్కలేటర్ దారి తెరిచారు. మాన్యుమెంట్ తెరిచిన 49 ఏళ్లకి! అదే ఏడాది రైళ్లూ బస్సులూ అన్నీ లండన్ పాసింజర్ ట్రాన్స్‌పోర్ట్ బోర్డు కిందికి చేరాయి.

తర్వాత యుద్ధం. 1941 జనవరి 11, శనివారం రాత్రి. బాంబుల భయానికి జనం స్టేషన్లలోనే తలదాచుకునే రోజులు. జర్మన్ బాంబు రోడ్డుని చీల్చుకుని టిక్కెట్ల హాలులో పేలింది. మనం ఇందాక చెప్పుకున్నాం కదా, నేల మీద గది కట్టొద్దన్నారని. ఆ హాలు మీద కప్పు అంటే రోడ్డే. పేలుడు గాలి ఎస్కలేటర్ల వెంట ప్లాట్‌ఫారాల దాకా దిగింది. యాభై మందికి పైగా చనిపోయారు, లెక్క ఒక్కో చోట ఒక్కోలా ఉంది. బ్యాంకుకీ మేయరు భవనానికీ మధ్య కూడలి మొత్తం గొయ్యి. సైన్యం ఇంజనీర్లు దాని మీద తాత్కాలిక వంతెన వేస్తే బళ్లు కదిలాయి. రెండు నెలలకల్లా స్టేషన్ మళ్లీ నడిచింది.

ఈస్ట్‌హామ్_అక్క · సాయంత్రం 6:15

నేను రోజూ నడిచే హాలు అదే... ఈ సంగతి పిల్లలకి చెప్పాలి.

నిర్వాహకుడు · సాయంత్రం 6:30

ఇద్దరు సభ్యులు ఈ స్టేషన్లో దయ్యాల వీడియోలు పెట్టారు, తీసేశాను. వాటికి వేరే విభాగం ఉంది.

సొరంగం_సూరి · రాత్రి 8:12

1960లో వాటర్లూ అండ్ సిటీ నుంచి పైకొచ్చే ఏటవాలు నడవా మీద కాళ్లు పీక్కుపోతున్నాయని కదిలే బాట వేశారు, ట్రావలేటర్ అని. 1991 జులై 29న డీఎల్ఆర్ వచ్చింది. అప్పటిదాకా ఆ రైలు టవర్ గేట్‌వే దగ్గరే ఆగిపోయేది, కెనరీ వార్ఫ్‌లో ఆఫీసు మేడలు కట్టినవాళ్లకి తమ ఉద్యోగులు సిటీ నడిబొడ్డు నుంచి తిన్నగా రావాలి. ఖర్చులో వాళ్లూ ఒక చెయ్యేశారు. పైపొరలన్నీ అప్పటికే నిండిపోయాయి కాబట్టి డీఎల్ఆర్ అందరికంటే అడుగున దూరింది.

ఇక నా దృష్టిలో అసలు గొప్ప పని 2022లో జరిగింది. నార్తర్న్ లైను ప్లాట్‌ఫారాలు మరీ ఇరుకు, సాయంత్రమైతే గేట్లు మూసి జనాన్ని పైనే ఆపాల్సి వచ్చేది. పాతదాన్ని వెడల్పు చేద్దామా అంటే అటూ ఇటూ పైనా కిందా ఎవరిదో ఒకరి సొరంగం. అందుకని దక్షిణానికి పోయే బళ్లకి పడమటి వైపు మొత్తం కొత్త సొరంగం, కొత్త ప్లాట్‌ఫారం కట్టారు. దీనికి టీబీఎం వాడలేదు, కొద్దికొద్దిగా తవ్వుతూ కాంక్రీటు చల్లుకుంటూ పోయే పద్ధతి. 2022 జనవరి 15 నుంచి మే 15 దాకా కెన్నింగ్‌టన్, మూర్‌గేట్ మధ్య ఆ శాఖని ఆపేసి, పాత పట్టాలు తెంచి కొత్తవాటికి కలిపారు. 16న బళ్లు కొత్త దారిలో నడిచాయి. పాత ప్లాట్‌ఫారం దగ్గర పట్టాలున్న గాడిని పూడ్చి నేల చదును చేసి, జనం తిరిగే వెడల్పాటి హాలుగా మార్చేశారు. ఇప్పుడు మీరు అక్కడ నడిచేది ఒకప్పుడు రైలు నడిచిన చోటే. 2023 ఫిబ్రవరిలో కానన్ స్ట్రీట్ మీద కొత్త ద్వారం తెరవడంతో పని పూర్తయింది. ఖర్చు సుమారు 70 కోట్ల పౌన్లు.

ఓరుగల్లు_పోరడు · రాత్రి 8:40

70 కోట్ల పౌన్లా! గా పైసల్తోని మా వరంగల్‌కు మెట్రో ఏసి ఇంక మిగుల్తయ్. ఒక్క ప్లాట్‌ఫారం వెడల్పు చేసుడుకు గంతనా? నాకైతే ఇది మొదలు చేసిన కక్కుర్తికి ఇప్పుడు కట్టిన జుర్మానా లెక్క కొడుతుంది.

సొరంగం_సూరి · రాత్రి 9:03

జుర్మానా అన్నావు చూడు, నూటికి నూరు పాళ్లు. 1900లో ఆదా చేసిన పరిహారం 2022లో కట్టారు. మన దగ్గర ఆ బాధ తక్కువ. చెన్నై సెంట్రల్ దగ్గర నేల కింద మెట్రో చూడండి, బెజవాడ నుంచో నెల్లూరు నుంచో రైలు దిగి అటే పోతాం కదా. రెండు లైన్లూ ఒకే సంస్థవి, ఒకే నక్షాలో గీసినవి, ఒకే గోతిలో కట్టినవి. ఢిల్లీ రాజీవ్ చౌక్ కూడా అంతే. అక్కడ జనం రద్దీతో నలిగిపోతారు గానీ దారి తెలియక కాదు.

విశ్రాంత_గార్డు · రాత్రి 9:20

అదీ నిజమే. కానీ ఒక మాట, ప్రభుత్వం దగ్గర డబ్బు చేరేదాకా ఆగి ఉంటే లండన్‌కి 1900లో ఈ రైళ్లు వచ్చేవా? షావుకార్లు లాభం కోసం తవ్వారు. వాళ్లకి పెద్దగా మిగిలిందీ లేదు, ఊరికి మాత్రం సొరంగాలు మిగిలాయి.

బెజవాడ_జంక్షన్ · రాత్రి 10:02

నేను ఒక ఇంజనీరు పేరు చెప్తారనుకుంటే మీరు లాయర్ల, బ్యాంకర్ల చరిత్ర చెప్పారు! అందరికీ ధన్యవాదాలు. రేపు ఆదివారం ఖాళీయే, ఆ ఎర్ర షీల్డు చూసొస్తా. ఇంకోటి, వచ్చే నెల అమ్మా నాన్నా వస్తున్నారు, నాన్నకి మోకాళ్ల నొప్పి. ఈ స్టేషన్లో తీసుకెళ్లొచ్చా?

ఈస్ట్‌హామ్_అక్క · రాత్రి 10:20

తమ్ముడూ, రేపు వెళ్లకు. వాటర్లూ అండ్ సిటీ శని, ఆదివారాలు నడవదు, ఆ వైపు దారి మూసి ఉంటే అంత దూరం వెళ్లీ దండగ. పని రోజున ఉదయం పది దాటాక వెళ్లు, రద్దీ తగ్గి తాపీగా చూడొచ్చు. నాన్నగారిని నార్తర్న్ లైనుకైతే కానన్ స్ట్రీట్ ద్వారం నుంచి తీసుకెళ్లు, లిఫ్టు ఉంది. సెంట్రల్ లైనుకీ, మా మాన్యుమెంట్ వైపుకీ మాత్రం మెట్లు తప్పవు, అటు పోనివ్వకు.